స్విచ్చి బాగుచేస్తే బల్బు పోయింది

మా తాతయ్య ఇత్తడి టార్చికి మూడు సెల్లులు పడతాయి. మిర్చి కల్లం దగ్గర కాపలా పడుకునే రోజుల్లో అది ఆయన తలగడ కిందే ఉండేది. రాత్రిపూట కరెంటు వస్తే మోటారు వేయడానికి గట్లమ్మట పోవాలి కదా, పాముల భయానికి అదే తోడు. ఆయన పోయాక టార్చి అటకెక్కింది. కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు దించి చూస్తే లోపల ఎప్పటివో సెల్లులు కారిపోయి ఉన్నాయి. స్ప్రింగుకి పచ్చగా చిలుము పట్టింది. చింతపండు పెట్టి తోమాను. బల్బు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మరల దగ్గర సన్నటి అక్షరాలతో 3.8 వోల్టులు, 0.3 ఆంపియరు అని ఉంది.

నా కెమెరా కోసం కొన్న ఛార్జింగ్ పెన్సిల్ సెల్లులు సంచిలో ఉన్నాయి. వాటిని పెద్ద సెల్లు లావుకి తెచ్చే ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి వేశాను. వెలిగింది, కానీ పసుపు నీళ్లు కలిపినట్టుంది వెలుగు.

నాయనమ్మ మంచం మీంచే చూసి, "అంత డబ్బు పోసి కొన్నానంటివి, ఇదేందిరా గుడ్డిదీపంలాగా!" అంది. మా తమ్ముణ్ని కొట్టుకు పంపి మామూలు సెల్లులు మూడు తెప్పించింది. అవి వేసేసరికి వెలుగు తెల్లబడింది. ఎదురింటి గోడ మీద రాసిన ఎరువుల ప్రకటన ఇటునుంచే చదవొచ్చు. నాయనమ్మ నా వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

అక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం లేదు. ఆ రాత్రి టార్చిని అలాగే వేసి ఉంచాం. మూడు గంటలు గడిచేసరికి మామూలు సెల్లుల వెలుగు నా సెల్లుల వెలుగుకి దిగివచ్చింది. ఆ తర్వాత ఇంకా కిందికి జారింది. కొన్నాళ్లకు పట్నంలో పాత టార్చీల సామాన్లమ్మే కొట్లో క్రిప్టాన్ బల్బు ఒకటి దొరికింది. అదీ మూడు సెల్లుల టార్చిదే, కాకపోతే 0.3 బదులు ముప్పావు ఆంపియరు తాగుతుంది. ఈసారి పందెం తిరగబడింది. మొదట్లో రెండు రకాల సెల్లులూ సమానంగా వెలిగాయి. అరగంటలో మామూలు సెల్లులు ఎర్రబడ్డాయి. ఛార్జింగ్ సెల్లులు రెండు గంటల పైన వెలుగు తగ్గకుండా నిలబడ్డాయి.

ఒక సెల్లు తొడుగు మీద 1.5 వోల్టులు అని ఉంది. ఇంకోదాని మీద 1.2 అని ఉంది. మరి ఒక బల్బుతో గెలిచింది ఇంకో బల్బుతో ఎందుకు ఓడింది?

ట్యాంకు ఎత్తు, పైపు లావు

డాబా మీద నీళ్ల ట్యాంకుని తలుచుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద కొళాయిలో నీళ్లకి అంత తోపు. వోల్టు అంటే ఆ తోపే. కొళాయి విప్పితే ధార ఎంత లావున పడుతుందో అది ఆంపియరు. కొళాయి మూసి ఉన్నంతసేపూ ట్యాంకు నుంచి దిగే పైపు సన్నదా, లావుదా అన్నది బయటపడదు. తోపు తోపే. విప్పినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. పైపు సన్నదైతే, అందులోనూ పాచి పట్టి ఉంటే, చెంబు నింపేంత ధార బాగానే వస్తుంది. తోటకి నీళ్లు పెట్టబోతే మాత్రం కారీ కారనట్టు కారుతుంది. ట్యాంకు ఎత్తు మారలేదు. తోపంతా పైపులోనే అరిగిపోయింది.

సెల్లు లోపల కూడా అలాంటి పైపొకటి ఉంటుంది. కరెంటు బయటికి రావాలంటే సెల్లు లోపలి పదార్థాల గుండానే రావాలి, అవి కొంత అడ్డుకుంటాయి. ఈ లోపలి అడ్డు మామూలు కార్బన్-జింకు సెల్లులో ఎక్కువ, వాడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఛార్జింగ్ సెల్లులో చాలా తక్కువ, దాదాపు చివరిదాకా తక్కువగానే ఉంటుంది. కాబట్టి తొడుగు మీది 1.5 అనే అంకె సెల్లు ఖాళీగా కూర్చున్నప్పటి మాట. పనిలో దింపాక దాని బలమెంతో బల్బు కాళ్ల దగ్గర కొలిస్తే గాని తెలియదు.

మల్టీమీటరు పెట్టి కొలిచాను. చిన్న బల్బుతో కొత్త మామూలు సెల్లులు మూడూ కలిసి బల్బుకి 4.3 వోల్టులు అందించాయి. ఛార్జింగ్‌వి 3.7 ఇచ్చాయి. అందుకే నాయనమ్మ గెలిచింది. ముప్పావు ఆంపియరు బల్బు పెట్టేసరికి మామూలు సెల్లులు మొదటి నిమిషంలోనే 3.7కి పడ్డాయి, అరగంటలో 3.2కి. ఛార్జింగ్ సెల్లులు మాత్రం 3.7 దగ్గర బండలా కూర్చున్నాయి. చిన్న బల్బు చెంబు లాంటిది, పెద్ద బల్బు తోట లాంటిది.

ఊట బావి

కార్బన్-జింకు సెల్లు లోపల ఏం జరుగుతుందో మన ఊళ్లలో బావి చూసినవాళ్లకి తేలిగ్గా పట్టుబడుతుంది. సెల్లు బయటి డబ్బా జింకు. నడుమ ఉండే నల్లటి కడ్డీ కార్బన్. దాని చుట్టూ నల్లటి ముద్ద, అంటే మాంగనీస్ డయాక్సైడు పొడిలో కార్బన్ పొడి కలిపి, ఉప్పు ద్రవంతో తడిపి దట్టించింది. చిన్నప్పుడు సెల్లు పగలగొట్టి ఆ నలుపు చేతులకి పూసుకుని తిట్లు తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇది ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ లెక్లాంషె 1866లో చేసిన సెల్లుకి మనవడు. నెల్లూరులో తయారైన నిప్పో అయినా, మరో కంపెనీది అయినా ఈ రకం సెల్లు లోపలి కథ ఇదే.

కరెంటు తీస్తున్నంతసేపూ జింకు కరుగుతుంది, నల్లముద్ద గింజల పైపొర ఖర్చవుతుంది. గింజ లోపల సరుకు ఇంకా ఉంటుంది గాని అది పనిలోకి రావాలంటే కాస్త సమయం పడుతుంది. బావిలో మోటారు వేసి తోడితే నీళ్లు అడుగంటి మోటారు గాలి పీలుస్తుంది, రాత్రంతా వదిలేస్తే ఊటకి మళ్లీ నిండుతుంది కదా, ఇదీ అంతే. మెల్లగా తోడుకుంటే కార్బన్-జింకు సెల్లు చాలాకాలం వస్తుంది. అందుకే గోడ గడియారంలో అదే రకం సెల్లు ఏడాది దాటి పనిచేస్తుంది. గట్టిగా తోడితే మాత్రం ఊట అందుకోలేదు.

బాక్సు: ఎండలో పెట్టిన సెల్లు

టార్చి మసకబారితే సెల్లులు తీసి ఎండలో పెట్టడం మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసే వైద్యం. సాయంత్రానికి కాసేపు వెలుగుతుంది కూడా. అది ఉత్త నమ్మకం కాదు. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి విశ్రాంతి. పగలంతా ఖాళీగా ఉండటం వల్ల గింజల లోపలి సరుకు పనిలోకి వస్తుంది, ఒకచోట పేరుకున్న అయాన్లు సర్దుకుంటాయి. రెండోది వేడి. వేడికి లోపలి ద్రవంలో కదలికలు చురుకవుతాయి, లోపలి అడ్డు తగ్గుతుంది. అంతేగాని ఎండ సెల్లులోకి కొత్త శక్తినేమీ నింపదు. గిన్నెలో మిగిలిన అడుగు పులుసుని గరిటెతో గీకడం లాంటిది. గీకేకొద్దీ జింకు డబ్బా పలచబడుతుంది. సెల్లుకి ఇంధనమూ అదే, గోడా అదే. గోడ చిల్లుపడగానే లోపలి ద్రవం కారి టార్చి స్ప్రింగుకి చిలుము పడుతుంది. మా తాతయ్య టార్చికి జరిగింది ఇదే.

చాప చుట్ట

ఛార్జింగ్ సెల్లు పూర్తి పేరు నికెల్ మెటల్ హైడ్రైడ్. ఇందులో ఒక వైపు నికెల్ సమ్మేళనం ఉంటుంది, ఇంకో వైపు హైడ్రోజన్ని స్పాంజి నీళ్లని పీల్చినట్టు తనలో దాచుకునే లోహ మిశ్రమం. మధ్యలో గాఢమైన క్షార ద్రవం. ఇది బజారులోకి వచ్చింది 1989 ప్రాంతంలో. మొదట్లో వీటికో జబ్బుండేది. ఛార్జి చేసి బీరువాలో పెడితే కొన్ని వారాల్లోనే చాలావరకు దానంతటదే కారిపోయేది. టార్చి అన్నది ఎప్పుడో అవసరపడే వస్తువు, అప్పుడే చెయ్యిస్తే దేనికి? 2005లో జపాన్ కంపెనీ సాన్యో ఎనెలూప్ అనే పేరుతో నెలల తరబడి ఛార్జి నిలబెట్టుకునే రకం తెచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది.

దీని లోపలి అడ్డు ఎందుకంత తక్కువ? ఇందులో పదార్థమెంత ముఖ్యమో కట్టుబడీ అంతే ముఖ్యం. మామూలు సెల్లులో ముద్ద మధ్య ఒక కడ్డీ, చుట్టూ ఒక డబ్బా, అంతే. ఛార్జింగ్ సెల్లులో రెండు పొడవాటి పలచని రేకుల మధ్య తడిగుడ్డ లాంటి పొర పెట్టి చాప చుట్టినట్టు చుడతారు. చుట్ట విప్పితే ఇంత పొడవున పరుచుకుంటుంది. ఎదురెదురుగా నిలబడే ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువన్నమాట. రేషను షాపులో ఒకే కిటికీ ఉంటే వరస వీధి మలుపు దాకా సాగుతుంది. పది కిటికీలు తెరిస్తే అదే సరుకు గబగబా చేతులు మారుతుంది.

ఇంకో గుణం కూడా ఉంది, దాన్ని మెచ్చుకోవాలో తిట్టాలో తెలియదు. కార్బన్-జింకు సెల్లు వెలుగు మెల్లమెల్లగా పసుపై, ఎరుపై, నాలుగు రోజుల ముందే చెప్పి పోతుంది. నికెల్ సెల్లు చివరిదాకా ఒకే వోల్టేజి దగ్గర నిలబడి, అయిపోగానే అమాంతం పడిపోతుంది. గట్టు మీద సగం దూరంలో ఉండగా ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తాతయ్య బతికుంటే ఈ ఒక్క కారణానికే నా సెల్లులు వద్దనేవాడేమో.

కొలిమిలో ఇనుము

ఇంతవరకూ చెప్పింది బల్బు దాకా తోపుని చేర్చడం. అసలు చమత్కారం బల్బులో ఉంది. 3.7 వోల్టులకీ 4.3 వోల్టులకీ తేడా లెక్కకి చూస్తే ఆరింట ఒక వంతు. కంటికి మాత్రం వెలుగు ఒకటిన్నర రెట్లు పైనే పెరిగింది. ఎందుకలా?

కమ్మరి కొలిమిలో పెట్టిన ఇనుప ముక్క మొదట నల్లగానే ఉంటుంది, చేయి దగ్గర పెడితే సెగ మాత్రం తెలుస్తుంది. ఇంకా ఊదితే మసక ఎరుపు, తర్వాత నారింజ, ఆపైన కళ్లు మిరుమిట్లు గొలిపే పసుపు తెలుపు. కాలిన ప్రతి వస్తువూ సెగనీ వెలుగునీ కలిపే చిమ్ముతుంది. వేడి తక్కువైతే అందులో దాదాపు అంతా కంటికి కనిపించని సెగే. వేడి పెరిగితే రెండు లాభాలు ఒకేసారి వస్తాయి. చిమ్మే మొత్తం పెరుగుతుంది, ఆ మొత్తంలో కంటికి కనిపించే వాటా కూడా పెరుగుతుంది. రాబడీ పెరిగి, అందులో పొదుపు వాటా కూడా పెరిగిన ఇల్లు లాంటిది, చివరికి చేతికొచ్చేది అనుకున్నదానికి ఎన్నో రెట్లు.

మామూలు టార్చి బల్బులో తీగ 2,200 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో ఉంటుంది. అంత వేడిలోనూ అది చిమ్మేదాంట్లో వెలుగు నూటికి అయిదు పాళ్లు కూడా ఉండదు, మిగతాదంతా సెగే. ఆ వేడిని 3,000 దగ్గరికి తీసుకుపోతే వెలుగు వాటా నూటికి పది దాకా వస్తుంది. సూర్యుడి పైతలం 5,500 డిగ్రీలు, దాని సంగతి వేరు. మనకి అక్కడిదాకా పోయే దారి లేదు. తీగ టంగ్‌స్టన్‌ది, లోహాలన్నిటిలో కరగడానికి ఎక్కువ వేడి అడిగేది అదే. అయినా 3,422 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.

బల్బు తయారుచేసేవాళ్లు ఎప్పటినుంచో చేతిలో పెట్టుకునే లెక్క ఒకటుంది. రాసిన వోల్టేజి కంటే పది శాతం ఎక్కువిస్తే వెలుగు దాదాపు 40 శాతం పెరుగుతుంది, బల్బు ఆయుష్షు మూడో వంతు కంటే తక్కువకి పడుతుంది. ఇరవై శాతం ఎక్కువిస్తే వెలుగు రెట్టింపుకి దగ్గరవుతుంది, ఆయుష్షు పదో వంతు కూడా మిగలదు. పది శాతం తగ్గిస్తే ఆయుష్షు నాలుగు రెట్లవుతుంది గాని వెలుగులో మూడో వంతు దాకా పోతుంది. పాత టార్చికి ఎక్కువ వెలుగు కావాలనుకునేవాడు చేసేదంతా ఈ బేరమే. బల్బు బతుకులోంచి గంటలు తీసి వెలుగులోకి మార్చుకుంటాడు.

బాక్సు: దాన్ని ఫ్లాష్‌లైట్ అని ఎందుకన్నారు?

అమెరికాలో టార్చిని ఫ్లాష్‌లైట్ అంటారు. ఫ్లాష్ అంటే తళుక్కుమనడం. న్యూయార్క్‌లో డేవిడ్ మిసెల్ అనే ఆయనకి 1899 జనవరి 10న గొట్టం ఆకారపు టార్చికి పేటెంటు దక్కింది. హక్కులు కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీవి, ఎవర్‌రెడీ పేరు ఆ కంపెనీదే. అట్ట గొట్టంలో ఒకదాని వెనక ఒకటి మూడు సెల్లులు, ముందు బల్బు, వెనక వెలుగుని తిప్పికొట్టే గిన్నె. మా తాతయ్య టార్చి వంశవృక్షం అక్కడ మొదలైంది. అప్పటి బల్బులో తీగ కార్బన్‌ది, సెల్లులు నీరసం. కాసేపు వెలిగించి ఆపి, సెల్లు ఊటకి సమయమిస్తే తప్ప పనిచేసేది కాదు. ఆ తళుకే పేరైంది. 1910 ప్రాంతంలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ని సన్నటి తీగగా సాగదీసే పద్ధతి కనిపెట్టాక టార్చి నిలకడగా వెలగడం నేర్చింది.

ఆవిరయ్యే తీగ

కరగడానికి చాలా ముందే తీగకి ఇంకో గండం ఉంది. అంత వేడిలో టంగ్‌స్టన్ పరమాణువులు తీగ నుంచి లేచి ఎగిరిపోతుంటాయి. అవి పోయి గాజుకి అంటుకుంటాయి. బాగా వాడిన బల్బు లోపల మసి పట్టినట్టు నల్లగా ఉంటుందే, అది మసి కాదు, తీగే. ఎక్కడైనా తీగ కాస్త పలచబడితే అక్కడ కరెంటుకి అడ్డు ఎక్కువ, అడ్డు ఎక్కువైతే వేడి ఎక్కువ, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా ఎగిరిపోతుంది, ఇంకా పలచబడుతుంది. ఒకసారి మొదలయ్యాక ఆగదు.

దీనికి మొదటి మందు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1913లో ఇచ్చాడు. బల్బులోంచి గాలంతా తీసేసి శూన్యంగా ఉంచడం మాని, తీగతో కలవని వాయువు నింపాడు, తీగని దగ్గర దగ్గరగా చుట్టలు చుట్టాడు. జాతరలో జనం మధ్య నుంచి పరిగెత్తబోయినవాడు నాలుగు అడుగులు వేయకుండానే ఎవరికో తగిలి వెనక్కి వస్తాడు. తీగ నుంచి లేచిన పరమాణువుకీ అదే జరుగుతుంది. వాయువు ఎంత బరువైనదైతే అంత మంచిది. ఆర్గాన్ కంటే క్రిప్టాన్ బరువు, దానికంటే జెనాన్ బరువు. క్రిప్టాన్ బల్బు తెల్లగా ఉండటానికి కారణం ఆ వాయువు వెలగడం కాదు. తీగ త్వరగా పోకుండా ఆపుతుంది కాబట్టి తయారీదారు తీగని ఇంకాస్త వేడిగా నడపడానికి సాహసిస్తాడు.

రెండో మందు హాలోజన్. 1959లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లకి దానిమీద పేటెంటు వచ్చింది. బల్బులో చిటికెడు అయోడిన్ గాని బ్రోమిన్ గాని ఉంటుంది. అది గాజు దగ్గరకి పారిపోయిన టంగ్‌స్టన్‌ని పట్టుకుని తీగ దగ్గరకి మోసుకొచ్చి దింపుతుంది. కాకపోతే ఎక్కడ పలచబడిందో చూసి అక్కడే దింపదు, తోచినచోట దింపుతుంది. అందుకే హాలోజన్ బల్బుకీ చావు తప్పదు, నల్లబడటం మాత్రం తప్పుతుంది. ఈ మోత జరగాలంటే బల్బు గోడ బాగా కాలాలి. అందుకే దాన్ని వేలి గోరంత చేసి, వేడికి ఆగే క్వార్ట్జ్‌తో కడతారు. వేలితో ముట్టుకుంటే చెమటలోని ఉప్పు, జిడ్డు అక్కడే కాలి క్వార్ట్జ్‌ని చెడగొడతాయి. కాగితంతో పట్టుకోవాలి.

మైక్రోస్కోపు బల్బు

ఇక్కడి నుంచి నా సొంత తిక్క. కాలేజీ ల్యాబుల్లో మైక్రోస్కోపు కింద వెలిగే హాలోజన్ బల్బు 6 వోల్టులు, 20 వాట్లది. సైన్సు సామాన్ల కొట్లో దొరుకుతుంది. అది మూడు ఆంపియర్ల పైన తాగుతుంది, పాత బల్బుకి పది రెట్లు. కార్బన్-జింకు సెల్లులు దాన్ని చూస్తేనే కూలబడతాయి.

ఆరు వోల్టులు కావాలంటే ఛార్జింగ్ సెల్లులు మూడు చాలవు. కానీ పెద్ద సెల్లు లావు 34 మిల్లీమీటర్లు, పెన్సిల్ సెల్లు లావు 14.5. మూడు పెన్సిల్ సెల్లులు ముక్కోణంగా ఆనించి కట్టకడితే 31 మిల్లీమీటర్ల పైచిలుకు గొట్టంలో ఒదిగిపోతాయి. అంటే ఒక పెద్ద సెల్లు పట్టేచోట మూడు చిన్నవి. ఈ కిటుకు నాది కాదు. అమెరికాలో 1979 నుంచి వస్తున్న మ్యాగ్‌లైట్ అనే దళసరి అల్యూమినియం టార్చిని పట్టుకుని అక్కడి ఔత్సాహికులు ఇలాంటి పనులెన్నో చేశారు. మూడు సెల్లుల గొట్టంలో తొమ్మిది పెన్సిల్ సెల్లులు దూర్చి, వైద్య పరికరాలకి పేరున్న వెల్చ్ ఆలిన్ కంపెనీ బల్బు పెట్టి, 30 వాట్ల పైన మండించినవాళ్లున్నారు. ఇలాంటి టార్చీలకి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు హాట్‌వైర్. మన మాటలో కాలిన తీగ.

నేను హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఆరు సెల్లులకి స్పాట్ వెల్డింగ్ చేయించాను. సెల్లుని నేరుగా టంకం పెట్టి కాలిస్తే లోపలి పొరలు చెడిపోతాయి, అందుకని. గొట్టంలో మిగిలిన ఖాళీకి వేపకర్ర ముక్క కోసి, నడుమ ఇత్తడి బోల్టు దించాను. బల్బు కాళ్లకి పింగాణీ హోల్డరు. తాతయ్య టార్చిలో వెనక గిన్నె లోహంది కాబట్టి సరిపోయింది, ప్లాస్టిక్‌దైతే ఆ వేడికి మెత్తబడి ముడుచుకుపోయేది. తీగ సరిగ్గా గిన్నె గుండెల్లో, వెలుగంతా కూడే బిందువు దగ్గర ఉండాలి. రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయితే గోడ మీద వెలుగు మధ్యలో చిల్లుగారెలా నల్లటి రంధ్రం పడుతుంది. ఆ ఒక్క సర్దుబాటుకే ఒక ఆదివారం పోయింది.

వెలిగించాను. బాగుంది, కానీ అనుకున్నంత లేదు. సెల్లుల దగ్గర 7.2 వోల్టులు చూపిస్తోంది మీటరు, బల్బు దగ్గర 6.3 మాత్రమే ఉంది. ముప్పావలా కాదు, దాదాపు రూపాయి దారిలోనే మాయమైంది. వెతికితే దొంగలు ఇద్దరు దొరికారు. ఒకటి జారుడు స్విచ్చి కింది రేకు, దశాబ్దాల తుప్పుతో. రెండోది వెనక స్ప్రింగు, ఉక్కుది, సన్నది. పది రెట్లు కరెంటు పోతుంటే అదే అడ్డు పది రెట్లు తినేస్తుంది. పాత బల్బుకి ఇవి లెక్కలోకే రాలేదు. స్విచ్చి రేకుని సన్నటి గరుకు కాగితంతో మెరిసేలా రుద్దాను. స్ప్రింగు మధ్యగా రాగి జడ తీగ వేసి రెండు కొసలా టంకం పెట్టాను. సెల్లులు నిండుగా ఛార్జి చేశాను. ఛార్జరులోంచి తీసి, వేడి ఆరకుండానే టార్చిలో వేసి స్విచ్చి నెట్టాను.

గది మొత్తం నీలం కలిసిన తెలుపుతో ఒక్కసారి తళుక్కుమంది. అంతే, చీకటి. మిసెల్ గారి ఫ్లాష్ అంటే ఇదేనేమో.

చెడ్డ స్విచ్చి చేసిన మేలు

జరిగిందేమిటో తర్వాత కూర్చుని లెక్కవేస్తే తెలిసింది. ఛార్జరులోంచి అప్పుడే తీసిన నికెల్ సెల్లు 1.2 కాదు, కాసేపటిదాకా దాదాపు 1.4 దగ్గర ఉంటుంది. ఆరు కలిస్తే 8 వోల్టుల పైన. ఆరు వోల్టుల బల్బుకి మూడో వంతు అదనం, అంటే తీగ కరిగే వేడి అంచుల్లోకి పోయినట్టే. దానికి తోడు ఇంకోటి. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ అడ్డు, వేడెక్కాక ఉండే అడ్డులో పదో వంతు కూడా ఉండదు. స్విచ్చి వేసిన ఆ మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు దూసుకుపోతుంది. ఇంట్లో తీగ బల్బులు కూడా వెలుగుతూ ఉన్నప్పటికంటే స్విచ్చి వేసినప్పుడే ఎక్కువగా పోయేది ఇందుకే.

తుప్పు పట్టిన స్విచ్చి, సన్న స్ప్రింగు నా బల్బుని అప్పటిదాకా కాపాడుతూ వచ్చాయి. మొదటి దూకుడుకి పగ్గం వేసింది వాటి అడ్డే. కార్బన్-జింకు సెల్లులో లోపలి అడ్డు కూడా అదే పని చేసేది. తాతయ్య బల్బు ఇన్నేళ్లు బతికిందంటే అందులో ఆ నీరసపు సెల్లుల పుణ్యం కూడా ఉంది. నేను దొంగలనుకుని తరిమినవాళ్లు కాపలాదారులు కూడా.

బాక్సు: ఇంట్లో చేసేవాళ్లకి

ఇత్తడి గొట్టం తానే ఒక తీగ. లోపల ఎక్కడైనా సెల్లు తొడుగు చిరిగి తగిలితే షార్టవుతుంది. పాత సెల్లులైతే లోపలి అడ్డు వల్ల వెచ్చబడి ఊరుకునేవి. నికెల్ సెల్లులు పదుల ఆంపియర్లు కుమ్మరిస్తాయి, తీగ ఎర్రగా కాలుతుంది. దారిలో ఫ్యూజు ఒకటి పెట్టాల్సిందే. సగం వాడినవీ కొత్తవీ కలిపి వేయొద్దు. నీరసంగా ఉన్న సెల్లు ముందు ఖాళీ అయితే మిగతావి దాన్ని తలకిందులుగా ఛార్జి చేసి చంపుతాయి. వెలుగు పడిపోవడం మొదలవగానే ఆపేయాలి.

లాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన లిథియం సెల్లులు చౌకగా దొరుకుతాయి, ఒక్కోటి 3.7 వోల్టులు, రెండు వేస్తే చాలు అనిపిస్తుంది. నా మట్టుకు నేను వాటి జోలికి పోను. షార్టయినా, ఎక్కువ ఛార్జి చేసినా అవి మండుతాయి. మూసిన లోహపు గొట్టంలో మండితే అది టార్చి కాదు, బాంబు.

ఎల్ఈడీ ఉండగా ఇదంతా ఎందుకు?

అడగాల్సిన ప్రశ్నే. ఒక వాట్ కరెంటుకి మామూలు టార్చి బల్బు పది ల్యూమెన్ల లోపు వెలుగిస్తే, నా కాలిన తీగ పాతికకి అటూఇటూగా ఇస్తుంది. ఈనాటి ఎల్ఈడీ నూరు దాటేసింది. బజారులో దొరికే చిన్న ఎల్ఈడీ టార్చి నా ఇత్తడి వీరుణ్ని ఎండగట్టేస్తుంది, చెయ్యి కాలదు కూడా. వాడుకకైతే అదే కొనుక్కోండి. ఒక్క విషయంలో మాత్రం తీగ బల్బు పక్షాన మాట్లాడతాను. చౌక ఎల్ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్రమట్టి బాట, ఎండుటాకులు, కల్లంలో ఆరబోసిన మిర్చి, అన్నీ దాని కింద పాలిపోయినట్టుంటాయి. కాలిన తీగలో రంగులన్నీ ఉంటాయి, ఎరుపు మరీ నిండుగా ఉంటుంది. రాత్రిపూట ఆ టార్చి మిర్చి రాశి మీద వేసి చూస్తే అది మంటేమోనని ఒక్క క్షణం భయమేస్తుంది.

బల్బు పోయాక మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఆ కట్టను అయిదు సెల్లులతో తిరిగి కట్టించాను. ఆరో సెల్లు ఉండాల్సిన ఖాళీలో చుట్టిన అట్టముక్క పెట్టాను. ఇప్పుడు బల్బు దగ్గర 6 వోల్టులకి అటూఇటూ. అప్పుడే ఛార్జి చేసి తీసినవైతే రాత్రంతా అలా వదిలేసి మర్నాడు వేస్తాను. అరగంట వెలుగుతుంది, ఇరవై నిమిషాలకే టార్చి తల పట్టుకోలేనంత కాలుతుంది. నాయనమ్మకి మాత్రం ఇంకో టార్చిలో పాత 3.8 వోల్టుల బల్బూ, కిరాణా కొట్టు సెల్లులూ వేసిచ్చాను. అవి మసకబారితే ఆవిడ ఎండలో పెట్టుకుంటుంది.